సైలస్ ఇంట్లో ఆడిన నీడ

కాల్గరీ నుంచి ఈశాన్యంగా రెండు గంటలు డ్రైవ్ చేస్తే ఒక కంకర రోడ్డు వస్తుంది. దాని చివర, ఎండిపోయిన చెట్ల వరస వెనక, ఒక పాడుబడ్డ చెక్క ఇల్లు. యాభై ఏళ్ళకి పైగా అందులో ఎవరూ కాపురం లేరు. పక్క రైతులు ఆ పొలాన్ని కౌలుకి తీసుకుని గోధుమ వేస్తారు, ట్రాక్టరు గోడదాకా తెస్తారు. గడప మాత్రం తొక్కరు. పొద్దు వాలిందంటే అసలా రోడ్డు మీదికే రారు.

ఎందుకంటే... ఆ ఇంట్లో ఒకడు ఆడతాడట.

పాట ఉండదు, వాయిద్యం ఉండదు. కిటికీలో నీడ మాత్రం ఆడుతుంది. చెయ్యి ఒక పక్కకి, తల ఒక పక్కకి, భుజం ఇంకో పక్కకి — తోలుబొమ్మని తాగినవాడెవడో ఆడిస్తున్నట్టు.

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ముప్ఫై ఏళ్ళు పైప్‌లైన్ ఆఫీసులో పనిచేసినవాణ్ణి. కంటికి కనబడని చోట లీకు ఉండొచ్చని ఒప్పుకుంటాను గానీ, దెయ్యం ఉంటుందంటే ఒప్పుకోను. ఈ సంగతి నాకు చెప్పిన జనార్ధనరావు గారు నాకంటే మొండి. నలభై ఏళ్ళు ఎముకల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఎముక విరిగితే తప్ప ఈయనకి మనిషి కనబడడని వాళ్ళావిడ సుగుణ గారు అంటూంటుంది. అలాంటి మనిషి ఆ రోజు మాల్‌లో వాకింగ్ మధ్యలో ఆగిపోయి, నా చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

“అమరేశ్వరరావు గారూ... నేను చూశానండీ.”

చలికాలం వస్తే మేమిద్దరం రోజూ ఆ మాల్‌లోనే నడుస్తాం. బయట మైనస్ ఇరవై, లోపల షాపుల ముందు నాలుగు చుట్లు, ఆ తర్వాత కాఫీ. ఆ రోజు మొదటి చుట్టుకే కాఫీ దగ్గర కూలబడ్డాం.

ఇది అర్థం కావాలంటే ముందు కోడలి సంగతి చెప్పాలి.

ఆయన కొడుకు గోపీకృష్ణ పదేళ్ళ కిందట హెలెన్ అనే తెల్లమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూసి చెయ్యాలంటారు, మనం ఒక్క తరం కూడా చూడలేదే అని సుగుణ గారు నాలుగు రోజులు ఏడ్చింది. ఐదో రోజున కోడలికి పప్పుచారు నేర్పింది. హెలెన్ కూడా ఇట్టే కలిసిపోయే పిల్ల. అత్తయ్య, మామయ్య అని నోరారా పిలుస్తుంది. ఆ రెండు మాటలూ తప్ప తక్కినదంతా ఇంగ్లీషే అనుకోండి. నేను మీకు తెలుగులో చెబుతున్నాను.

ఆ అమ్మాయికి పుట్టింటివాళ్ళంటూ ఎవరూ లేరు. ఆరేళ్ళప్పుడు తండ్రి డేల్ పోయాడు. తిన్నని రోడ్డు మీద, పట్టపగలు, కారు తీసుకెళ్ళి కంకర లారీ కింద పెట్టాడు. అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. తాగి ఉంటాడన్నారు. తల్లి ఆ వైపు వాళ్ళ ఊసే ఎత్తనివ్వలేదు, ఒక్క ఫోటో కూడా మిగల్చలేదు. ఇప్పుడా తల్లీ లేదు.

పోయినేడాది మనవరాలు భవితకి స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. నాన్న వైపు కొమ్మల నిండా పేర్లు, అమ్మ వైపు రెండే. మీ వాళ్ళంతా ఏరి మమ్మీ అని పిల్ల అడిగింది. హెలెన్ ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. అది జనార్ధనరావు గారి కంటబడింది.

“నీ ఏడు తరాలూ నేను వెతికిపెడతానమ్మా,” అన్నారు. “భవిత ఏడో పుట్టినరోజుకి నీ చేతిలో పెడతాను.”

అన్నమాట ప్రకారం వెతికారు కూడా. ఎడ్మంటన్‌లో పాత రికార్డుల ఆఫీసుకి నాలుగు సార్లు వెళ్ళొచ్చారు. రాత్రింబవళ్ళు కంప్యూటరు ముందే. రిటైరైన డాక్టరుకి కొత్త పేషెంటు దొరికాడని నేను ఆటపట్టించేవాణ్ణి. ఆ పేషెంటు పేరు సైలస్ బ్రూకర్. హెలెన్‌కి ముత్తాత తండ్రి. 1851లో పుట్టాడు, అయోవాలో మొక్కజొన్న వేసి పందుల్ని పెంచాడు. యాభై దాటాక అక్కడి పొలం అమ్మేసి, పెళ్ళాంపిల్లలతో రైలెక్కి అల్బర్టా వచ్చి, ఇక్కడ నూట అరవై ఎకరాలకి అప్లై చేశాడు. ఆ వయసులో మళ్ళీ మొదటినుంచి సేద్యం మొదలెట్టడమంటే మాటలా అని జనార్ధనరావు గారు తన సొంత తాతని మెచ్చుకున్నట్టు మెచ్చుకునేవారు.

ఆ మనిషి సంతకాలు మూడు దొరికాయి. ఫోన్లో నాకూ చూపించారు. 1888లో అయోవా దస్తావేజు మీద సంతకం ముత్యాల్లా ఉంది. 1902లో ఇక్కడి అప్లికేషన్ మీద అదే పేరు కోడి కెలికినట్టుంది. 1906లో సంతకమే లేదు. ఒక ఇంటూ మార్కు, పక్కన సాక్షి పేరు. మనవాళ్ళు వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకుంటే, ఈయన సంతకం మర్చిపోయి వేలిముద్రకి దిగాడేమిటండీ అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

నవ్వకుండా ఉండాల్సింది.

సైలస్ తల్లి కూడా దొరికింది. 1880 జనాభా లెక్కల్లో, కొడుకు ఇంట్లోనే ఉంది. ఆమె పేరు ఎదురుగా, మతి లేనివాళ్ళని గుర్తుపెట్టే గడిలో చిన్న గీత. ఆ కాలంలో ముసలమ్మ కాస్త చాదస్తంగా ఉంటే చాలు అలా గీసి పారేసేవారులెండి అని జనార్ధనరావు గారే కొట్టిపారేశారు. ఆమె ఒకటి, సైలస్ రెండు, ఆయన కొడుకు వాల్టర్ మూడు, వాల్టర్ కొడుకు రాయ్ నాలుగు, డేల్ ఐదు, హెలెన్ ఆరు, భవిత ఏడు. లెక్క సరిగ్గా కుదిరిందని ఆయన సంబరం అంతా ఇంతా కాదు.

ఇక్కడ సైలస్ స్థిరపడ్డ పల్లెవాళ్ళు అచ్చేసుకున్న పాత పుస్తకం ఒకటి సంపాదించారు. ఊళ్ళో ఒక్కో కుటుంబానికీ ఒక్కో పేరా. సైలస్ గురించి అందులో రెండు వాక్యాలున్నాయి. నాట్యమంటే ప్రాణమనీ, పొలం దున్నుతూ కూడా ఆడేవాడనీ, చర్చిలో సైతం కాళ్ళు నిలిచేవి కావనీ. కొడుకు వాల్టరుకీ ఆ బుద్ధే వచ్చిందట. ఇంకేం, హెలెన్‌కి ఇవ్వబోయే వంశవృక్షంలో సైలస్ గడి కింద ఆ మాట రాయించారు.

తరవాయి ఒక్కటే — సైలస్ కట్టిన ఇంటి ఫోటో. నవంబరు చివర్లో ఒక శనివారం బయల్దేరారు. కళ్ళకి ఆపరేషన్ అయ్యాక ఆయన హైవే మీద నడపడంలేదు, అందుకని హెలెన్ డ్రైవ్ చేసింది. ఆ పొలం చేసే ముసలి రైతు ఆర్నీ ఇంటికి వెళ్ళి అనుమతి అడిగారు. చూసుకోండి అన్నాడు. హెలెన్ కారు దగ్గరికి వెళ్ళాక, జనార్ధనరావు గారి భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా ఇంకో మాట చెప్పాడు.

“చీకటి పడకముందే వచ్చేయండి. అక్కడ వాడు ఆడతాడు... మా తాత చూశాడు.”

నవ్వుకుంటూ వచ్చేశారు ఈయన.

ఇల్లు చేరేసరికి నాలుగు. నాలుగున్నరకల్లా పొద్దు గుంకింది. మన పల్లెల్లో లాగ చలికాలం పొద్దు ఆరింటిదాకా ఆగదు ఇక్కడ. ఇంటి లోపల అప్పటికే చీకటి. హెలెన్ ఫోన్ లైటు వేసుకుని లోపలికి వెళ్ళింది. నేల చెక్కలు పుచ్చిపోయి ఉన్నాయి, మీరు రావద్దు మామయ్యా అంది. ఆయన పెరట్లో చేతిపంపు దగ్గర నిలబడ్డారు. గాలి ఆగిపోయింది. మంచు కింద గడ్డి కూడా కదలడంలేదు.

ఒక నిమిషం... రెండు నిమిషాలు...

వంటింటి కిటికీలో వెలుగు కనబడింది. అద్దం లేదు, లోపలి గోడ తిన్నగా కనబడుతోంది. గోడ మీద నీడ.

పైకప్పు దాకా ఉంది నీడ.

ముందు వేళ్ళు కదిలాయి. ఒక్కొక్క వేలూ మూరెడు. తర్వాత భుజం ఎగిరింది. తల పక్కకి వాలి, మళ్ళీ లేచింది. చెయ్యి దూసుకొచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి పోయింది. ఆగింది... మళ్ళీ మొదలైంది. పాట లేదు. అడుగుల చప్పుడు లేదు. నీడ మాత్రం ఆడుతోంది.

నలభై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో ఒక్క దేవుణ్ణీ పిలవని మనిషి. ఆంజనేయుణ్ణి తలుచుకున్నారు. పరవాలేదు, నాస్తికులు కూడా అలాంటప్పుడు తలుచుకోవచ్చు. లోపల కోడలుంది. ఆ ఒక్క ఆలోచనతో, పుచ్చిన చెక్కలని కూడా చూడకుండా లోపలికి పరుగెత్తారు.

వంటింట్లో హెలెన్ ఒక్కతే. ఈయన అడుగుల చప్పుడికి వంగి నేలమీది ఫోన్ అందుకుని ఇటు తిప్పింది. లైటు సూటిగా కళ్ళలో పడింది.

“ఎవరమ్మా నీతో?”

“ఎవరూ లేరు మామయ్యా.”

“ఇప్పుడు ఆడిందెవరు?”

“ఎవరూ ఆడలేదు. నేను కదలనే లేదు.”

ఎందుకు కదల్లేదో చూపించింది. తలుపు చట్రం మీద పెన్సిలు గీతలు. పిల్లల పొడవు కొలిచి పెట్టిన గుర్తులు. ఒక గీత పక్కన ‘డేల్, ఆరేళ్ళు’ అని ఉంది. వాళ్ళ నాన్న. తను ఆరేళ్ళప్పుడు పోగొట్టుకున్న మనిషి, ఆరేళ్ళవాడై అక్కడ నిలబడి ఉన్నాడు. ఫోన్ కింద పెట్టి, ఆ గీత మీద చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి అలాగే నిలబడ్డానంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

మరి ఆమె కదలకపోతే, కదిలిందెవరు?

తిరుగుదారిలో ఆ అమ్మాయి చాలా సంతోషంగా ఉందట. కారు రెండుసార్లు రోడ్డంచు దాటి కంకరలోకి దిగింది. దడుచుకున్నది తనొక్కరే అని చెప్పలేక ఈయన కళ్ళు మూసుకున్నారు.

ఇంటికొచ్చాక సుగుణ గారికి చెప్పక తప్పలేదు. గాలి సోకిందని ఆవిడ తేల్చేసింది. ఉప్పూ మిరపకాయలతో ఇద్దరికీ దిష్టి తీసి పొయ్యి మీద వేస్తే స్మోక్ అలారం మోగి వీధి వీధంతా బయటికొచ్చింది. ఆవిడ లెక్కలు ఆవిడకున్నాయి మరి. ఈ మధ్య హెలెన్ చేతిలో కప్పు నిలవడం లేదు, గాజు గ్లాసులన్నీ అయిపోయి స్టీలు గ్లాసులు దించారు. కూర్చుంటే కాలు ఊపుతుంది. కాళ్ళూపితే ఇంటికి దరిద్రమమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా, సారీ అత్తయ్యా అంటుంది, మళ్ళీ ఊపుతుంది. అదంతా సైలస్ పనేనని ఆవిడ తీర్పు. కప్పులు పగలడం మొదలై రెండేళ్ళయింది కదా, ఆ ఇంటికి వెళ్ళొచ్చింది మొన్ననే కదా అని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

కాఫీ దగ్గర నేను మాత్రం వాదించాను. కారు లైట్లేమో అన్నాను. కారు ఆపేసి ఉందన్నారు. చెట్టు కొమ్మేమో అన్నాను. గాలి లేదన్నారు. ఆ పిల్ల కదిలి ఉంటుంది, మర్చిపోయి ఉంటుంది అన్నాను.

“అబద్ధం చెప్పే పిల్ల కాదండీ,” అన్నారు.

లేచి రెండో చుట్టుకి బయల్దేరాం.

జనవరిలో భవిత పుట్టినరోజు వచ్చింది. నేనూ మా ఆవిడ పద్మా వెళ్ళాం. బేస్‌మెంట్ నిండా పిల్లలు. పాట పెట్టి ఆపే ఆట ఆడుతున్నారు. పాట ఉన్నంతసేపూ గంతులు వెయ్యాలి, పాట ఆగగానే బొమ్మల్లా నిలబడాలి, కదిలినవాళ్ళు అవుట్. భవిత జడ్జి. నువ్వూ రా మమ్మీ అని పిల్లలు హెలెన్‌ని కూడా లాక్కొచ్చారు.

పాట ఆగింది.

“మమ్మీ, యూ మూవ్డ్!”

పిల్లలంతా నవ్వారు. హెలెన్ కూడా నవ్వి, నేను కదల్లేదే అంది. సరే, ఇంకో ఛాన్సు ఇచ్చారు. పాట ఆగింది. మళ్ళీ అవుట్.

“లేదు బంగారూ. నేను కదల్లేదు.”

ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు. నిజంగానే అర్థంకాక అడుగుతున్నట్టుంది. మూడోసారి పాట ఆగింది. ఎంత గట్టిగా ప్రయత్నించిందో ముఖంలో తెలుస్తూనే ఉంది. పెదవులు బిగించి, కళ్ళు ఒక్కచోట నిలిపి, ఊపిరి బిగబట్టి...

మూలనున్న దీపం ఆమె వెనకాల ఉంది. నేను గోడ వైపు చూశాను.

వేళ్ళు కదులుతున్నాయి. ఒక్కొక్కటే... హార్మోనియం మెట్లు నొక్కుతున్నట్టు. భుజం ఎగిరింది. తల కొంచెం వాలి, లేచింది. మనిషిలో చూస్తే కనిపించీ కనిపించనంత. గోడ మీద మాత్రం పైకప్పు దాకా ఆడుతోంది నీడ.

నా పక్కన కాగితం ప్లేటు జారి కిందపడింది. జనార్ధనరావు గారు గోడ పట్టుకుని నిలబడ్డారు. ఆయన దెయ్యాన్ని చూసినట్టు లేరు. ఎక్స్‌రే చూసినట్టున్నారు. కిందపడ్డ కేకు మీదనుంచే నడిచి మెట్లెక్కి పైకి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను. కోట్ల అల్మారాలో పెట్టిన పొడుగాటి కాగితపు చుట్ట తీసి ఎక్కడ దాచాలా అని వెతుకుతున్నారు.

ఆలస్యమైపోయింది. మెట్ల మీద హెలెన్.

“అదేనా మామయ్యా? నాదేనా?”

ఆ ముఖం చూసి ఎవరైనా లేదని ఎలా అంటారు? ఆయన చేతిలోంచి ఆ చుట్ట ఆమె చేతిలోకి వెళ్ళిపోయింది.

అందరూ హాల్లో చేరారు. గోపీకృష్ణ వీడియో తీస్తున్నాడు. హెలెన్ చుట్ట విప్పి, పైనుంచి ఒక్కొక్క పేరూ చదివింది. సైలస్ దగ్గర ఆగి, నాట్యమంటే ప్రాణమట అని చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. కూచిపూడి నేర్చుకుంటున్న భవితని ముందుకి తోసి, ఇదిగో, రక్తంలోనే ఉంది అని ఎవరో అన్నారు. వాల్టర్. రాయ్. డేల్ పేరు రెండుసార్లు చదివింది. తర్వాత తన పేరు. ఆ కింద కూతురి పేరు. జీవితంలో మొదటిసారి నాకూ నా వాళ్ళున్నారని, మా మామయ్య తెచ్చిచ్చారని అందరిముందూ చెప్పి ఏడ్చింది. హాల్లో గాలి లేదు. ఆమె చేతిలో కాగితం మాత్రం గలగలలాడుతూనే ఉంది.

మేం వచ్చేసేటప్పుడు చెప్పులు విప్పే చోట జనార్ధనరావు గారు నన్ను ఆపారు. లోపల ఇంకా పాటలు వినబడుతున్నాయి. విశాఖలో చదువుకునే రోజుల్లో ఒక్క పేజీ పాఠమండీ, పరీక్షలో ఒక్కసారి వచ్చింది అన్నారు. హంటింగ్టన్స్ అనే జబ్బట, తరం నుంచి తరానికి రక్తంలో వస్తుంది. నలభై దగ్గరపడేసరికి మొదలవుతుంది. ముందు చేతిలో వస్తువులు జారతాయి, తర్వాత ఒళ్ళు తనంతట తను ఆడుతుంది, ఆఖరికి మతి పోతుంది. ఆడుతున్న సంగతి ఆ మనిషికే తెలియదు. మందు లేదు. పరీక్ష చేయించకుండా అనకూడదు, ఆ ముక్క డాక్టరుగా నాకు తెలుసు అన్నారు. కానీ మూడు సంతకాలు, ఆ ముసలమ్మ గడిలో గీత, తిన్నని రోడ్డు మీద లారీ కింద పడ్డ కారు — అన్నీ తనే ఏరి, వరసగా పేర్చి, బంగారు అంచు వేయించి తెచ్చిపెట్టారు. రెండేళ్ళుగా ఇంట్లో కప్పులు పగులుతుంటే మాత్రం నవ్వారు.

“డేల్ బతికుంటే వాళ్ళ తాత వాల్టర్‌లాగే ఆడుతూ...” అని ఆగిపోయారు.

నాకు అడగాలని లేదు. అయినా అడిగాను. “భవితకి?”

“తల్లికుంటే... సగానికి సగం అవకాశం.”

ఎప్పుడు చెబుతారని అడగలేదు. తల్లికి చెబితే ఆ కాగితం మీద ఏడో పేరు కూడా చెప్పినట్టే. లోపల మళ్ళీ పాట ఆగింది. పిల్లల నవ్వు వినిపించింది. ఆ నవ్వు మధ్యలోంచి, నేను కదల్లేదంటున్న హెలెన్ గొంతు.

జనార్ధనరావు గారు నా కోటు అందించారు.

“దెయ్యమైతే ఎంత బాగుండేదండీ,” అన్నారు. “దాని ఇల్లు దానికి వదిలేసి వచ్చేసేవాళ్ళం.”